కొత్త స్పోర్ట్స్ కారు వారంటీ మరమ్మతు నెలల తరబడి సాగుతుంటే: ఒడిశా సరిహద్దు జిల్లాల వారికి మార్గదర్శి

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం నుంచి నాకు తరచూ వచ్చే ప్రశ్న ఒకటే. "కొత్త బండి. వారంటీ ఉంది. వర్క్‌షాపులో పెట్టి నెల దాటింది. అడిగినప్పుడల్లా వచ్చే వారం అంటున్నారు. ఏం చేయాలి?"

మన ఊళ్ల నుంచి ఇలాంటి బండిని విశాఖపట్నానికో భువనేశ్వరానికో పంపాలి. కొన్ని కంపెనీల బండ్లయితే హైదరాబాదు, కోల్‌కతా దాకా వెళ్లాలి. బండి కళ్ల ముందు ఉండదు. సాయంత్రం దుకాణం కట్టేశాక ఒకసారి వెళ్లి చూసి వచ్చే వీలూ ఉండదు. అందుకే పెద్ద నగరాల వారికి పనికొచ్చే సలహాలు మనకు సగమే పనికొస్తాయి.

నా రెండు తలుపుల బండి గేరుబాక్సు మరమ్మతుకు 11 వారాలు పట్టింది. మొదటి ఆరు వారాలూ "పార్టు రావాలి" అన్న మాటే విన్నాను. రాతపూర్వకంగా అడిగిన నాలుగో రోజున అసలు సంగతి తెలిసింది. పార్టుకు ఆర్డరే పెట్టలేదు. కంపెనీ ఇంకొక వీడియో పంపమని అడిగితే, ఆ అభ్యర్థన వర్క్‌షాపులో ఎవరూ చూడకుండా ఉండిపోయింది. ఆ ఆరు వారాలు ఇంకెవరికీ పోకూడదని ఇంత వివరంగా రాస్తున్నాను.

"ఎప్పుడు అవుతుంది?" అని అడిగితే వచ్చేది ఒక అంచనా మాత్రమే. "ఇప్పుడు ఎక్కడ ఆగి ఉంది?" అని అడిగితే ఒక పత్రం, ఒక నంబరు, ఒక తేదీ చూపించవలసి వస్తుంది. కింద రాసిన దశలన్నీ ఈ రెండో ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి.

1. బండి పంపే ముందు కాగితాలు సిద్ధం చేసుకోండి

వారంటీ పుస్తకాన్ని ఒక సాయంత్రం కూర్చుని పూర్తిగా చదవండి. ముఖ్యంగా నాలుగు విషయాలకు గుర్తు పెట్టుకోండి. వారంటీ ఏ తేదీ నుంచి లెక్క? ఏ కారణాలతో చెల్లదు? బండిని లాగించుకెళ్లే ఖర్చు ఎవరిది? మరమ్మతు జరుగుతున్న రోజుల్లో ప్రత్యామ్నాయ వాహనం గురించి ఏమని ఉంది?

స్పోర్ట్స్ కార్ల విషయంలో వారంటీ నిరాకరణకు ఎక్కువగా చూపే కారణాలు మూడు: రేసు ట్రాకు మీద నడపడం, ఇంజిను కంప్యూటరు ప్రోగ్రామును మార్పించడం, పెట్రోలు నాణ్యత. మూడోదే మనల్ని ఇబ్బంది పెడుతుంది. ఎంత ఆక్టేన్ పెట్రోలు పోయాలో, ఇథనాల్ శాతం ఎంతవరకు ఉండవచ్చో పుస్తకంలో ఉంటుంది. ఘాట్ దాటి లోపలికి వెళ్తే ప్రతి బంకులోనూ అది దొరకదు. కాబట్టి పెట్రోలు బిల్లులు దాచండి. "కల్తీ పెట్రోలు వల్ల" అనే మాట వచ్చినప్పుడు మీ చేతిలో ఉండే సాక్ష్యం ఆ బిల్లులే.

ఒక ఫైలులో ఉండవలసినవి:

- కొనుగోలు ఇన్‌వాయిస్, డెలివరీ పత్రం
- రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, 17 అక్షరాల చాసిస్ నంబరు స్పష్టంగా కనిపించే ఫొటో
- వారంటీ పుస్తకం. పొడిగించిన వారంటీ కొని ఉంటే దాని షరతులు
- చేయించిన ప్రతి సర్వీసు బిల్లు
- గత ఆరు నెలల పెట్రోలు బిల్లులు
- అమలులో ఉన్న బీమా పాలసీ

విశాఖలో కొని, తాత్కాలిక రిజిస్ట్రేషన్‌తో తెచ్చి, ఇక్కడ ఓడీ-07 లేదా ఓడీ-18 నంబరు తీసుకున్న వారు ఇన్‌వాయిస్ మీద చిరునామా, రిజిస్ట్రేషన్ మీద చిరునామా ఒకటేనో కాదో చూసుకోండి. తేడా ఉంటే ఇప్పుడే సరిచేయించండి. తరువాత వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవలసి వస్తే మీ నివాసం ఎక్కడ అన్నది ముఖ్యమవుతుంది.

2. లోపాన్ని వర్క్‌షాపు మళ్లీ చూడగలిగేలా నమోదు చేయండి

"ఏదో శబ్దం వస్తోంది" అని రాయించిన బండి వారాల తరబడి నిలబడిపోతుంది. వారు నడిపినప్పుడు ఆ శబ్దం రాదు. "లోపం కనబడలేదు" అని రాసి బండిని వెనక్కి ఇస్తారు. నెల తిరిగాక మళ్లీ మొదటికి వస్తుంది.

ఇలా రాయండి: "ఉదయం మొదటిసారి స్టార్టు చేసిన పది నిమిషాల లోపు, రెండో గేరు నుంచి మూడో గేరుకు మారేటప్పుడు, సుమారు 40 కిలోమీటర్ల వేగం దగ్గర కుదుపు. ఇంజిను వేడెక్కాక తగ్గుతుంది. వారంలో నాలుగుసార్లు." ఇది చదివిన మెకానిక్ బండిని రాత్రంతా నిలిపి ఉంచి, పొద్దున చల్లగా ఉన్నప్పుడే నడిపి చూస్తాడు.

పక్క సీటులో కూర్చున్నవారితో వీడియో తీయించండి. స్పీడోమీటరు, గేరు సూచిక, ఉష్ణోగ్రత, ఓడోమీటరు అందులో కనబడాలి. హెచ్చరిక దీపం వెలిగితే అది ఆరిపోకముందే ఫొటో తీయండి.

ఒక పొరపాటు చాలామంది చేస్తున్నారు. దగ్గరలోని మెకానిక్ దగ్గర స్కానర్ పెట్టించి ఫాల్ట్ కోడ్లు, అంటే బండి కంప్యూటరు నమోదు చేసుకున్న లోపాల గుర్తులు, చెరిపించేస్తున్నారు. దయచేసి ఆ పని చేయకండి. దీపం ఆరిపోతుంది గానీ, లోపానికి ఉన్న ఆధారం కూడా దానితోపాటే పోతుంది.

3. ఎక్కడికి పంపాలి, ఎలా పంపాలి

బరంపురం వారికి భువనేశ్వరం దగ్గర. రాయగడ, కోరాపుట్ వైపు వారికి విశాఖ మేలు. అయితే దూరం ఒక్కటే చూసుకోకండి. పంపే ముందు వర్క్‌షాపుకు ఫోను చేసి మూడు సంగతులు అడగండి: ఈ మోడల్ మీద శిక్షణ పొందిన టెక్నీషియన్ మీ దగ్గరే ఉన్నాడా? ఇలాంటి గేరుబాక్సు పని ఇంతకుముందు ఇక్కడ చేశారా? బండిని నీడలో ఉంచే చోటు ఉందా? అలాంటి టెక్నీషియన్ లేని దగ్గరి వర్క్‌షాపు కంటే ఉన్న దూరపు వర్క్‌షాపే త్వరగా పని పూర్తి చేస్తుంది.

సొంతంగా నడుపుకుంటూ వెళ్లవచ్చునా అన్నది లోపాన్ని బట్టి ఉంటుంది. గేరుబాక్సు, బ్రేకు, స్టీరింగు, కూలింగు లోపాలుంటే సాలూరు ఘాట్‌లో గాని తప్తపాణి ఘాట్‌లో గాని నడపవద్దు. ప్రమాదం సంగతి అటుంచితే, "లోపం తెలిసి కూడా నడిపారు" అని వారంటీని నిరాకరించే అవకాశం మనమే ఇచ్చినట్టవుతుంది.

లాగే వాహనాన్ని పిలిచేటప్పుడు నాలుగు చక్రాలూ పైకెక్కే ఫ్లాట్‌బెడ్ కావాలని స్పష్టంగా చెప్పండి. ముందు చక్రాలు ఎత్తి వెనుక చక్రాలను ఈడ్చుకెళ్లే బండి వద్దు. మన బండ్లు నేలకు తక్కువ ఎత్తులో ఉంటాయి కాబట్టి ఎక్కించేటప్పుడు ముందు బంపరు గీసుకుంటుంది. చెక్క పలకలు వేసి వాలు తగ్గించమనండి. ఎక్కించే ముందు, దింపిన తరువాత నాలుగు వైపులా ఫొటోలు తీయండి.

4. జాబ్ కార్డు: ఇక్కడే సగం పని గెలుస్తారు, లేదా ఓడతారు

విశాఖ వర్క్‌షాపులో సర్వీస్ అడ్వైజరు తెలుగువాడే అయి ఉంటాడు. ఒక్కోసారి శ్రీకాకుళం వైపు బంధుత్వం కూడా కలుస్తుంది. "నేను చూసుకుంటాను, మీరు వెళ్లండి అన్నా" అంటాడు. నమ్మకంతోనే అంటాడు, మనమూ నమ్మకంతోనే వచ్చేస్తాం. ఆ మర్యాదకొద్దీ జాబ్ కార్డును, అంటే బండి తీసుకునేటప్పుడు లోపాలు, తేదీ రాసే వర్క్‌షాపు కాగితాన్ని, చదవకుండా సంతకం చేస్తాం. తరువాత అతను ఉద్యోగం మారితే మన దగ్గర ఏమీ మిగలదు.

మనవాడే అయినా రాయించండి. రాసి ఉంటే అతనికీ మేలే. పైవారిని అడగడానికి అతనికీ ఒక ఆధారం దొరుకుతుంది.

సంతకానికి ముందు జాబ్ కార్డులో ఇవి ఉన్నాయో లేదో చూడండి:

- మీరు చెప్పిన లోపం, మీ మాటల్లోనే, పూర్తిగా
- ఓడోమీటరు అంకె, పెట్రోలు మట్టం
- "వారంటీ కింద" అన్న మాట
- బండి ఇచ్చిన తేదీ, సమయం
- అప్పటికే ఉన్న గీతలు, సొట్టలు
- బండి కదలలేని స్థితిలో ఉంటే ఆ విషయం
- మీరు ఇచ్చిన వీడియోల ప్రస్తావన

అడ్వైజరు కంప్యూటరులో లోపాన్ని ఎంచుకునే పట్టీలో "జనరల్ చెకప్" అనే వరుస ఉంటుంది. అది ఎంచుకుంటే ఒప్పుకోకండి. తరువాత చదివేవారికి ఆ బండి మామూలు సర్వీసుకు వచ్చినట్టే కనబడుతుంది. జాబ్ కార్డు నకలు చేతికి తీసుకున్నాకే బయలుదేరండి. తరువాత వాట్సాప్‌లో పంపుతామన్నా ఆగి తీసుకోండి.

5. ఏ దశలో ఆగిందో కనుక్కోండి

వారంటీ మరమ్మతు అయిదు చోట్ల ఆగుతుంది. ప్రతిచోటా అడగవలసినది వేరు, ఒత్తిడి పెట్టవలసిన మనిషి వేరు.

నిర్ధారణ. ఏయే పరీక్షలు చేశారు, ఏ ఫాల్ట్ కోడ్లు వచ్చాయి, లోపం వారి చేతిలో కూడా కనబడిందా అని అడగండి. కనబడలేదంటే టెక్నీషియన్‌ను పక్కన కూర్చోబెట్టుకుని మీరే నడిపి చూపిస్తామనండి. ఒకరోజు ప్రయాణం అవుతుంది, కానీ రెండు వారాలు కలిసి వస్తాయి.

అనుమతి. ఇంజిను, గేరుబాక్సు వంటి ఖరీదైన భాగాలను డీలరు తనంతట తాను మార్చేయలేడు. వివరాలన్నీ కంపెనీ సాంకేతిక విభాగానికి పంపి ముందస్తు అనుమతి తీసుకోవాలి. కంపెనీ తిరిగి ప్రశ్నలు వేస్తుంది, ఇంకా కొలతలు, ఫొటోలు, వీడియోలు అడుగుతుంది. నా బండి ఆగింది ఇక్కడే. అడగవలసినవి: కేసు నంబరు, పంపిన తేదీ, కంపెనీ నుంచి చివరి జవాబు వచ్చిన తేదీ, ఇప్పుడు ఎవరి జవాబు కోసం ఎవరు ఎదురుచూస్తున్నారు. ఈ చివరి ప్రశ్నను మాత్రం ఎప్పుడూ వదలకండి.

విడిభాగం. "పార్టు రావాలి" అన్నది జవాబు కాదు. పార్టు నంబరు, ఆర్డరు నంబరు, ఆర్డరు తేదీ, రావచ్చని కంపెనీ చూపిస్తున్న తేదీ అడగండి. దేశంలో నిల్వ ఉందా, విదేశం నుంచి రావాలా, ఓడలోనా విమానంలోనా అన్నదీ అడగండి. బండి రోడ్డెక్కలేని స్థితిలో ఉన్నప్పుడు పెట్టే అత్యవసర ఆర్డరును వీఓఆర్ ఆర్డరు అంటారు. మీ బండికి మామూలు ఆర్డరు పెట్టారో, వీఓఆర్ పెట్టారో రాతలో చెప్పమనండి. జాబ్ కార్డు మీద "కదలలేని స్థితి" అని రాయించమన్నది ఇందుకే.

పనివాడు. పార్టు వచ్చింది, శిక్షణ ఉన్న టెక్నీషియన్ సెలవులో ఉన్నాడు. ఈ జాప్యం డీలరుదే. వర్క్‌షాపు మేనేజరును నేరుగా అడిగి పని మొదలయ్యే తేదీ రాయించుకోండి.

పరీక్ష. భాగం బిగించాక కొత్త భాగానికి సాఫ్ట్‌వేర్ అమరిక, రోడ్డు మీద పరీక్ష ఉంటాయి. ఇక్కడ తొందరపెట్టకండి. ఒకరోజు ఎక్కువ తీసుకోనివ్వండి.

6. వారానికి ఒక ఉత్తరం

రోజూ ఫోను చేయడం వల్ల ప్రయోజనం లేదు. వారానికి ఒకసారి, ఒకే రోజున, ఒకే ఈమెయిలు వరుసలో రాయండి. ఫోనులో ఏమైనా చెప్పితే అదే సాయంత్రం "మీరు ఈరోజు చెప్పినది ఇది" అని రాసి పంపండి.

నమూనా:

"సర్వీస్ మేనేజర్ గారికి, ఫలానా జాబ్ కార్డు నంబరు, ఫలానా చాసిస్ నంబరు గల నా కారును ఫలానా తేదీన వారంటీ మరమ్మతుకు ఇచ్చాను. నేటికి 23 రోజులు. కిందివాటికి మూడు పనిదినాల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వగలరు. ఒకటి, మరమ్మతు ప్రస్తుతం ఏ దశలో ఉంది. రెండు, కంపెనీ కేసు నంబరు, చివరి జవాబు తేదీ. మూడు, ఆర్డరు పెట్టిన భాగాల నంబర్లు, ఆర్డరు తేదీలు, ఆర్డరు రకం. నాలుగు, ప్రత్యామ్నాయ వాహనం ఇవ్వగలరా. అయిదు, బండి మీ వద్ద ఉన్న రోజులను వారంటీకి కలుపుతారా."

విశాఖకు తెలుగులో రాసినా చదువుతారు. కానీ అదే ఉత్తరం ముంబయిలోనో గురుగ్రామ్‌లోనో ఉన్న కంపెనీ కార్యాలయానికి వెళ్లాలి కాబట్టి ఇంగ్లీషులో కూడా రాసి పెట్టుకోండి. మొదటి ఉత్తరం నుంచే కంపెనీ కస్టమర్ కేర్‌కు నకలు పంపండి. ఎందుకో ఎనిమిదో అంశంలో చెప్తాను.

నాలుగో, అయిదో ప్రశ్నలకు చాలాసార్లు "లేదు" అనే జవాబు వస్తుంది. అయినా అడగండి. అడిగినట్టు రాతలో ఉండాలి.

మూడు వారాలు దాటి నిలబడిన బండికి ఇంకొక వాక్యం చేర్చండి: బ్యాటరీకి చార్జరు పెట్టి ఉంచాలి, టైర్లలో గాలి సరిగా ఉంచాలి, ఆరుబయట వానలో వదలకూడదు. కదలకుండా ఉన్న బండిలో బ్యాటరీ చచ్చిపోతుంది, టైరు ఒకేచోట అణిగిపోతుంది. ఎలుకలు వైర్లు కొరికితే దాన్ని వారంటీలో చేర్చరు.

7. ఈ పొరపాట్లు చేయకండి

వాయిదాలు కట్టడం ఆపకండి. మీ కోపం కంపెనీ మీద, అప్పు ఇచ్చినది బ్యాంకు. కట్టకపోతే దెబ్బ తగిలేది మీ పరపతికే.

బండి వర్క్‌షాపులో ఉంది కదా అని బీమా గడువు దాటనివ్వకండి.

బయటి మెకానిక్‌తో ఆ భాగాన్ని విప్పించకండి. ఒక్క సీలు తెగినా మాట్లాడే హక్కు బలహీనపడుతుంది.

అడ్వైజరు మీద అరవకండి. పార్టు ఎక్కడుందో అతనికి నిజంగానే తెలియకపోవచ్చు. అతనిపై అధికారికి రాయండి, మర్యాదగా, తేదీలతో.

8. పై మెట్లు

నాలుగో వారానికి దశ తెలియకపోతే కంపెనీ ప్రాంతీయ సర్వీస్ మేనేజరుకు, అయిదో వారానికి కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయండి. ఆ తరువాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయండి. తెలుగులోనూ మాట్లాడవచ్చు. హెల్ప్‌లైన్ తీర్పు ఇవ్వదు, ఫిర్యాదును కంపెనీకి పంపి జవాబు అడుగుతుంది. చాలా ఫైళ్లు కదిలేందుకు అంతమాత్రం చాలు.

అదీ కుదరకపోతే డీలరుకూ కంపెనీకీ వేర్వేరుగా లాయరు నోటీసు పంపండి. స్పీడ్ పోస్టులో, చేరినట్టు ఆధారం దొరికేలా పంపి, 15 రోజుల గడువు ఇవ్వండి.

తరువాత వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే చోటే ఫిర్యాదు వేయవచ్చు. విశాఖలో కొన్నా, విశాఖలోనే మరమ్మతుకు ఇచ్చినా అక్కడికి తిరగనక్కరలేదు. సరిహద్దు జిల్లాల వారికి ఇది చాలా పెద్ద వెసులుబాటు.

- చెల్లించిన ధర 50 లక్షల వరకు: జిల్లా కమిషన్
- 50 లక్షలు దాటి 2 కోట్ల వరకు: రాష్ట్ర కమిషన్, మనకైతే కటక్
- 2 కోట్లు దాటితే: జాతీయ కమిషన్, ఢిల్లీ
- రుసుము: 20 నుంచి 50 లక్షల మధ్య 1,000 రూపాయలు, 50 లక్షల నుంచి కోటి వరకు 2,000 రూపాయలు
- గడువు: ఫిర్యాదుకు కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్లు

ఆన్‌లైన్‌లో వినియోగదారుల కమిషన్ల పోర్టల్ ఈ-జాగృతి ద్వారా దాఖలు చేయవచ్చు. వీడియో ద్వారా విచారణ కోరుతూ దరఖాస్తు పెట్టుకోవచ్చు. తెలుగులో ఉన్న వాట్సాప్ సందేశాలు, ఉత్తరాలు ఉంటే వాటికి అనువాదం జతచేయండి. చట్టంలో మూడు నెలలు, ప్రయోగశాల పరీక్ష అవసరమైతే అయిదు నెలలు అని ఉన్నా, ఆచరణలో అంతకంటే ఎక్కువ పడుతుందని మనసులో పెట్టుకోండి.

ఏం కోరాలి అన్నది జాగ్రత్తగా ఆలోచించండి. అందరూ "కొత్త కారు ఇప్పించండి" అని మొదలుపెడతారు. 2006లో ఒక కారు కేసులో సుప్రీంకోర్టు, వారంటీ షరతు లోపమున్న భాగాన్ని మార్చడానికే పరిమితమైనప్పుడు మొత్తం కారు మార్చాలన్న ఆదేశం నిలవదని చెప్పింది. కాబట్టి మరమ్మతు పూర్తి చేయడం, జాప్యానికి పరిహారం, ప్రయాణ ఖర్చులు, వారంటీ పొడిగింపు కోరండి. ఒకే లోపం మళ్లీ మళ్లీ వచ్చిందని జాబ్ కార్డులు చూపగలిగినప్పుడు, నిపుణుడి నివేదిక తోడైనప్పుడు కారు మార్పిడి లేదా ధర వాపసు అడగండి.

2021లో మరో కేసులో అదే కోర్టు, డీలరు తప్పు తయారీ కంపెనీకి తెలుసునని చూపకుండా కంపెనీని బాధ్యురాలిని చేయలేమని చెప్పింది. మొదటి ఉత్తరం నుంచే కంపెనీకి నకలు పంపమన్నది ఇందుకే. 2019 చట్టంలో ఇంకొక మంచి మాట ఉంది: వినియోగదారుకు చెప్పవలసిన సమాచారాన్ని ఉద్దేశపూర్వకంగా దాచిపెట్టడం కూడా సేవాలోపమే. "ఏ దశలో ఉంది?" అని మీరు వారం వారం అడిగి, వారు జవాబు ఇవ్వని ఉత్తరాలన్నీ అక్కడ పనికొస్తాయి.

బండిని తమ వ్యాపార సంస్థ పేరుమీద కొన్నవారు ముందుగా లాయరును కలవండి. మీరు వినియోగదారు అవునా కాదా అన్న వాదన మొదటి వాయిదాలోనే వస్తుంది.

9. బండి తీసుకునే రోజు

ఉదయాన్నే వెళ్లండి, వెలుగు ఉన్నప్పుడే చూడండి. నా బండి తీసుకోవడానికి సాయంత్రం ఆరింటికి వెళ్లి, తలుపు అంచున పడిన గీతను ఇచ్ఛాపురం దాటాక చూశాను. అప్పటికి గేట్ పాస్ మీద సంతకం అయిపోయింది.

- ఓడోమీటరు అంకెను జాబ్ కార్డుతో పోల్చండి. పరీక్షకు ఎన్ని కిలోమీటర్లు నడిపారో అడగండి
- మార్చిన భాగాల నంబర్లు బిల్లు మీద ఉండాలి, సొమ్ము సున్నా ఉండాలి
- కొత్త భాగానికి వారంటీ ఎప్పటివరకో రాయించండి
- లోపం వచ్చిన పరిస్థితిలోనే టెక్నీషియన్‌తో కలిసి నడపండి. చల్లని ఇంజినుతో వచ్చే లోపమైతే ముందు రాత్రి స్టార్టు చేయవద్దని చెప్పి ఉంచండి
- బ్యాటరీ, టైర్లు, కింది భాగం, బంపరు అంచులు చూడండి

"పూర్తి సంతృప్తితో తీసుకున్నాను" అని అచ్చువేసిన కాగితం ఇస్తారు. దాని కింద "జాప్యంపై నా హక్కులు వదులుకోకుండా" అని చేత్తో రాసి సంతకం చేసి, ఫొటో తీసుకోండి.

ఇంటికి చేరాక మొదటి 500 కిలోమీటర్లు డ్యాష్‌బోర్డు కెమెరా పెట్టుకునే నడపండి. అదే కుదుపు మళ్లీ వస్తే ఆ రోజే రాయండి. కొత్త జాబ్ కార్డు మీద పాత జాబ్ కార్డు నంబరు, "అదే లోపం, రెండోసారి" అన్న మాటలు తప్పక వేయించండి.